పిల్లికి రెట్రోవైరస్ పరీక్ష: ఎప్పుడు చేయించాలి, ఫలితం ఎలా చదవాలి, ఆ తర్వాత ఏం చేయాలి

పరీక్ష కిట్ మీద గీత కనిపించిన రోజే పిల్లిని ఊరి చివర వదిలేసి వచ్చేవాళ్లు ఉన్నారు. ‘పిల్లుల ఎయిడ్స్’ అన్న మాట చెవిన పడగానే ఇంట్లో పసిపిల్లలు గుర్తుకొస్తారు, గుండె జారిపోతుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ పిల్లికి నిజంగా జబ్బు ఉందో లేదో అప్పటికింకా తేలలేదు. ఉన్నా అది మనుషులకు అంటదు. వదిలేసిన చోట మాత్రం ఆ పిల్లి ఇతర పిల్లులతో కలబడుతుంది, కూనలను కంటుంది, పొలం గట్ల మీద తిరిగే అడవి పిల్లికి ఎదురుపడుతుంది. కాబట్టి ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఒక వరుసలో చెబుతాను. తొందరపడకుండా చదవండి.

ముందుగా రెండు వైరస్‌లను విడివిడిగా గుర్తుపెట్టుకోండి

రెట్రోవైరస్‌లంటే తమ జన్యువును శరీర కణాల జన్యువుల్లో కలిపేసే వైరస్‌లు. పెంపుడు పిల్లుల్లో మనం పట్టించుకోవలసినవి ప్రధానంగా రెండు. మొదటిది ఫెలైన్ లుకేమియా వైరస్. 1964లో గ్లాస్గోలో పశువైద్య శాస్త్రవేత్త విలియం జారెట్ బృందం దీన్ని గుర్తించింది. ఒకే ఇంట్లో పెరిగిన పిల్లులకు వరుసగా లింఫ్ గ్రంథుల క్యాన్సర్ రావడం వాళ్లకు అనుమానం కలిగించింది. రెండోది ఫెలైన్ ఇమ్యునోడెఫిషియెన్సీ వైరస్, అందరూ ఎఫ్‌ఐవీ అంటారు. ‘పిల్లుల ఎయిడ్స్’ అనేది దీన్నే. ఇది 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో బయటపడింది. అక్కడ చాలా పిల్లులున్న ఒక ఇంట్లో రోగనిరోధక శక్తి తగ్గి జంతువులు చనిపోతుంటే, లుకేమియా వైరస్ పరీక్షలో మాత్రం ఏమీ దొరకలేదు. నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో ఆ పిల్లుల రక్తంలోంచి ఈ కొత్త వైరస్‌ను వేరుచేశారు.

పేర్లు మరచిపోయినా ఫరవాలేదు, వ్యాపించే దారులు మాత్రం మరచిపోకండి. లుకేమియా వైరస్ స్నేహంలో అంటుకునేది. ఉమ్ములో ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, తల్లి పాలు, తల్లి నాకుడు, ఇవన్నీ దానికి దారులే. కాట్ల ద్వారా కూడా వస్తుంది. ఎఫ్‌ఐవీ పోట్లాటలో అంటుకునేది. పన్ను లోతుగా దిగిన గాయమే దానికి ముఖ్యమైన దారి. ఒకే గిన్నెలో తిన్నంత మాత్రాన, పక్కపక్కన పడుకున్నంత మాత్రాన అది రావడం చాలా అరుదు. ఇంట్లో ఏ పిల్లిని ఎక్కడ ఉంచాలి, ఏ గిన్నె వేరు చేయాలి అన్న నిర్ణయాలన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

వయసు తేడా కూడా ఉంది. లుకేమియా వైరస్‌కు కూనలు తేలిగ్గా లొంగిపోతాయి, పెద్ద పిల్లులు కొంత తట్టుకుంటాయి. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా, తల్లికి ఈ వైరస్ ఉంటే ఆ ఏడిళ్ల పిల్లులకూ ముప్పే. ఎఫ్‌ఐవీ మాత్రం ఎక్కువగా వయసొచ్చిన, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని గండుపిల్లుల జబ్బు.

మీ పిల్లికి ముప్పు ఎంతో అంచనా వేయండి

పరీక్షకు ముందే చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఈ జబ్బులు ఎన్ని పిల్లుల్లో ఉన్నాయన్న లెక్క పరిశోధకులకే పరిమితం అనుకోకండి, మీ చేతిలోని పరీక్ష ఫలితానికి అర్థం చెప్పేది ఆ లెక్కే.

అమెరికా, కెనడాల్లో 18 వేలకు పైగా పిల్లులను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో లుకేమియా వైరస్ 2.3 శాతం, ఎఫ్‌ఐవీ 2.5 శాతం పిల్లుల్లో కనిపించాయి. 2017లో వచ్చిన మరో అధ్యయనం 62 వేలకు పైగా పిల్లులను చూసింది, అందులో ఆ సంఖ్యలు 3.1, 3.6 శాతం. అంటే మొత్తం మీద వందలో రెండు మూడు పిల్లులు. కానీ అదే ఖండంలో, కాటు గాయాలతోనో చీముగడ్డలతోనో ఆసుపత్రికి వచ్చిన 967 పిల్లులను పరీక్షిస్తే దాదాపు 19 శాతం ఈ రెండింటిలో ఏదో ఒకదానికి పాజిటివ్‌గా తేలాయి. ఒకే ఖండం, ఒకే రకం కిట్లు, అయినా అంత తేడా. బయట తిరుగుతుందా, కొట్లాడుతుందా, ఆపరేషన్ అయిందా అన్న మూడు ప్రశ్నలే ఆ తేడాకు కారణం.

ఈ మూడు ప్రశ్నలూ మీ పిల్లి గురించి వేసుకుని జవాబులు ఒక కాగితం మీద రాయండి. వాటితోపాటు వయసు, ఎక్కడి నుంచి వచ్చింది, చెంపల మీదా మెడ మీదా తోక మొదట్లోనూ పాత గాయాల మచ్చలున్నాయా, తరచూ జ్వరం, చిగుళ్ల వాపు, బరువు తగ్గడం ఉన్నాయా అన్నవీ రాయండి. డాక్టరుకు ఇది మందుల చీటీ అంత విలువైన కాగితం. గదిలో పుట్టి గదిలోనే పెరిగి, పరీక్షలో లేదని తేలిన తల్లికి పుట్టిన పిల్లి ఒక కొస అయితే, వీధిలో నాలుగేళ్లు తిరిగి చెవి చిరిగిన గండుపిల్లి మరో కొస. మీది ఎక్కడుందో తేల్చుకోండి.

పరీక్ష ఎప్పుడు చేయించాలి

కొత్త పిల్లిని ఇంటికి తెచ్చినప్పుడు, పాతవాటితో కలపకముందే చేయించాలి. కాటు గాయం అయినప్పుడు, కారణం తెలియని జ్వరమో రక్తహీనతో వచ్చినప్పుడు, చిగుళ్లు ఎర్రబడి తగ్గనప్పుడు చేయించాలి. లుకేమియా టీకా వేయించే ముందు కూడా చేయించాలి.

రోజుల లెక్కను మాత్రం పట్టించుకోక తప్పదు. ఈ రోజు కొట్లాడిన పిల్లిని రేపు పరీక్షిస్తే, ఈ కొట్లాటలో ఏం అంటుకుందో తెలియదు, అంతకుముందే ఉన్నదేదైనా ఉంటే అదే తెలుస్తుంది. లుకేమియా వైరస్ సోకే అవకాశం కలిగిన రోజు నుంచి కనీసం 30 రోజులు, ఎఫ్‌ఐవీకి కనీసం 60 రోజులు ఆగి మళ్లీ చేయిస్తేనే నెగెటివ్ ఫలితాన్ని నమ్మవచ్చు. కొత్తగా తెచ్చిన పిల్లి గతం మీకు తెలియదు కాబట్టి, తెచ్చిన రోజునే లెక్క మొదలుపెట్టండి. మొదటి పరీక్ష వెంటనే, రెండోది రెండు నెలలు నిండాక. ఈ మధ్య కాలంలో దాన్ని వేరే గదిలో ఉంచాలి.

పరీక్షకు పరగడుపున తీసుకెళ్లాల్సిన పని లేదు. పిల్లిని చేతుల్లో పట్టుకునో స్కూటర్ మీద సంచిలో వేసుకునో వెళ్లకండి. గాలి ఆడే గట్టి బుట్టలో ఇంట్లో వాడే పాత తువ్వాలు పరిచి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి. సొంత వాసన ఉంటే అది సగం నెమ్మదిస్తుంది. మీ ఊళ్లో కిట్ దొరక్కపోతే పశువైద్య కళాశాల ఆసుపత్రుల్లో విచారించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, గన్నవరంలో, తిరుపతిలో అలాంటి కళాశాలలు ఉన్నాయి.

కిట్ దగ్గర కూర్చుని ఏం చూడాలి

డాక్టరు ముందుకాలి నరం నుంచో మెడ నరం నుంచో కొద్దిగా రక్తం తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఉన్న ఊదా మూత గొట్టంలో కొంత రక్తం దాచి ఉంచమని అప్పుడే అడగండి. తర్వాత పీసీఆర్‌కు (వైరస్ జన్యువును వెతికే ల్యాబ్ పరీక్షకు) పంపాల్సి వస్తే మళ్లీ సూది గుచ్చకుండా ఆ రక్తమే పనికొస్తుంది.

కిట్ చేసేది ఒకే పని కాదు, రెండు వేర్వేరు పనులు. లుకేమియా వైపు కిటికీ వైరస్ ప్రోటీన్‌నే వెతుకుతుంది, దాని పేరు పీ27. అంటే వైరస్ రక్తంలో ఉంటేనే అక్కడ గీత పడుతుంది. ఎఫ్‌ఐవీ వైపు కిటికీ మాత్రం వైరస్‌ను వెతకదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. ఈ తేడా తెలియకే సగం గందరగోళం పుడుతోంది. లుకేమియా టీకా వేసినా తల్లి యాంటీబాడీలు ఉన్నా లుకేమియా ఫలితం సాధారణంగా తప్పుగా రాదు. ఎఫ్‌ఐవీ ఫలితం మాత్రం తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల తప్పుగా రావచ్చు.

బల్ల మీద కిట్ పెట్టాక మొదట చూడాల్సింది దాని గడువు తేదీ. రెండోది, ఫ్రిజ్‌లో ఉంచే రకమైతే గది వేడికి వచ్చిందా లేదా అని. చుక్కలు వేశాక గడియారం చూసుకోండి. ‘సీ’ అన్న అక్షరం దగ్గర గీత పడకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం, మిగతా గీతలు ఏం చెప్పినా లెక్కలోకి రావు. ‘టీ’ దగ్గర గీత లేతగా, పెన్సిల్‌తో గీసి చెరిపినట్టు కనిపించినా కిట్ కాగితంలో చెప్పిన సమయం లోపల వచ్చిందైతే దాన్ని పాజిటివ్‌గానే రాసుకోవాలి. ఆ సమయం దాటి అరగంట తర్వాత వచ్చిన గీతను పట్టించుకోకూడదు. రక్తం ఎండేకొద్దీ అలాంటి నీడలు పడతాయి. నిర్ణీత సమయంలోనే ఫోనుతో ఫొటో తీసి, తేదీ, కిట్ పేరు రాసి ఉంచుకోండి. మరో డాక్టరు దగ్గరకు వెళ్లాల్సి వస్తే ‘అప్పుడు లేత గీత పడిందట’ అని చెప్పడం కంటే ఆ ఫొటో చూపించడం మేలు.

పాజిటివ్ వస్తే ఒక చిన్న లెక్క చేయండి

దయచేసి ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

ఇంట్లోనే పెరిగే, ఆరోగ్యంగా ఉన్న వెయ్యి పిల్లులను పరీక్షించారనుకుందాం. వాటిలో 2 శాతానికి, అంటే 20 పిల్లులకు నిజంగా వైరస్ ఉంది. కిట్ మంచిది, అందులో 19 పట్టుకుంది. మిగతా 980 ఆరోగ్యవంతమైన పిల్లుల్లో నూటికి ఒకదాని విషయంలో పొరపాటున గీత చూపించింది, అంటే దాదాపు పది. మొత్తం పాజిటివ్‌లు 29 అయితే, అందులో 10 తప్పు. మూడింట ఒక పిల్లికి లేని జబ్బు అంటగట్టినట్టే.

ఇప్పుడు అదే కిట్‌తో చీముగడ్డలతో వచ్చిన వీధి గండుపిల్లులను వెయ్యింటిని పరీక్షించండి. వాటిలో 20 శాతానికి, అంటే 200 పిల్లులకు వైరస్ ఉందనుకుంటే కిట్ 190 పట్టుకుంటుంది. మిగతా 800లో తప్పు గీతలు 8. మొత్తం 198 పాజిటివ్‌లలో 8 మాత్రమే పొరపాటు. కిట్ మారలేదు, గీత మారలేదు. పిల్లుల నేపథ్యం మారింది కాబట్టి గీత విలువ మారింది.

అందుకే ముప్పు తక్కువగా ఉన్న పిల్లికి పాజిటివ్ వస్తే రెండో పరీక్ష లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. లుకేమియా గీత పడితే వేరే కంపెనీ కిట్‌తో మళ్లీ చూడమని, ఊదా మూత గొట్టంలోని రక్తాన్ని పీసీఆర్‌కు పంపమని అడగండి. రెండూ పాజిటివ్ అయినా కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చూడాలి. కొన్ని పిల్లుల శరీరం ఈ వైరస్‌ను అణచిపెట్టేస్తుంది. వైరస్ జన్యువు ఎముక మజ్జలో నిద్రపోతున్నట్టు ఉండిపోతుంది, రక్తంలో పీ27 కనిపించదు, పిల్లి మామూలుగా తిరుగుతుంది. దీన్ని డాక్టర్లు రిగ్రెసివ్ ఇన్‌ఫెక్షన్ అంటారు. ఇలాంటి పిల్లికి స్టెరాయిడ్లు ఇష్టమొచ్చినట్టు ఇస్తే నిద్రపోయే వైరస్ లేచే ప్రమాదం ఉంది కాబట్టి ఆ సంగతి దాని చీటీ మీద శాశ్వతంగా రాసి ఉండాలి. వైరస్ ఆగకుండా రక్తంలో కొనసాగితే అది ప్రోగ్రెసివ్ ఇన్‌ఫెక్షన్. రక్తహీనత, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) వచ్చేది, ఆయుష్షు తగ్గేది ప్రధానంగా ఈ రకంలోనే.

ఎఫ్‌ఐవీ గీత పడితే మరో రకం కిట్‌తో నిర్ధారించుకోండి. ఇక్కడ పీసీఆర్ అంతగా నమ్మదగ్గది కాదు. వైరస్‌లో రకాలు చాలా ఉన్నాయి కాబట్టి పీసీఆర్‌లో ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు. విదేశాల నుంచి తెచ్చిన పిల్లి అయితే ఎఫ్‌ఐవీ టీకా వేశారేమో పాత కాగితాలు చూడండి. 2002లో అమెరికాలో వచ్చిన ఆ టీకా తర్వాత అక్కడి మార్కెట్ నుంచి తప్పుకుంది గానీ, అది వేసిన పిల్లుల్లో యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ రావచ్చు.

కూనల విషయంలో ఓపిక పట్టండి

ఆరు నెలల లోపు కూనకు ఎఫ్‌ఐవీ పాజిటివ్ వస్తే అది చాలాసార్లు తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీయే. కూనకు జబ్బు ఉన్నట్టు కాదు. ఆరు నెలలు దాటాక మళ్లీ పరీక్షిస్తే ఎక్కువ కూనలు నెగెటివ్ అవుతాయి. అప్పటిదాకా బయటకు వదలకుండా పెంచుకోండి, అంతే. నెగెటివ్ వచ్చిన కూన విషయంలో ఈ గందరగోళం లేదు. లుకేమియా పాజిటివ్ వచ్చిన కూన సంగతి వేరు, దాన్ని తోబుట్టువుల నుంచి కూడా వేరుచేసి నిర్ధారణ పరీక్షలకు పంపాలి. ఒకే కాన్పులో ఒక కూనకు ఉండి మరోదానికి లేకపోవచ్చు. కాబట్టి ఒకదాన్ని పరీక్షించి అన్నింటికీ అదే ఫలితం అనుకోకూడదు. తల్లిని పరీక్షించడం కూనల పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

ఇంట్లో ఏర్పాట్లు

లుకేమియా వైరస్ నిర్ధారణ అయిన పిల్లికి విడి గది, విడి గిన్నెలు, విడి లిట్టర్ ట్రే. మిగతా పిల్లులను పరీక్షించి, నెగెటివ్ అయినవాటికి లుకేమియా టీకా దొరుకుతుందేమో డాక్టరును అడగండి. మన దగ్గర పిల్లులకు మామూలుగా వేసే ‘ట్రైక్యాట్’ టీకాలో ఇది లేదు. మూడు జబ్బులకు వేశాం కదా, అన్నీ అయిపోయాయి అనుకునేవాళ్లు చాలామంది.

ఇల్లంతా గంధకం పొగ పట్టాల్సిన అవసరం లేదు. ఈ రెండు వైరస్‌లకూ బయట బతికే శక్తి చాలా తక్కువ, తడి ఆరితే తొందరగా నశిస్తాయి. సబ్బు నీళ్లు, వేడి నీళ్లు, ఎండ చాలు. పిల్లి పోయిన తర్వాత మరోదాన్ని తెచ్చుకోవడానికి నెలల తరబడి ఆగనక్కర్లేదు. అయితే ప్యాన్‌ల్యూకోపీనియా అనే మరో వైరస్ జబ్బుతో పిల్లి పోయిన ఇల్లయితే లెక్క పూర్తిగా వేరు. ఆ వైరస్ ఏడాది దాకా నేలలో ఉండగలదు. రెండు జబ్బుల పేర్లూ వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏది వచ్చిందో కాగితం మీద రాయించుకోండి.

ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లి, దానితో సఖ్యంగా ఉండే పిల్లులు ఉన్న ఇంట్లో వేరుచేయాల్సిన పని చాలాసార్లు ఉండదు. ఒకటి మరోదాన్ని తరిమికొట్టే ఇంట్లో మాత్రం వేరు గదులే శరణ్యం. రెండు వైరస్‌లలో ఏది ఉన్నా ఆపరేషన్ చేయించడం, బయట తిరగనివ్వకపోవడం తప్పనిసరి. అపార్ట్‌మెంటులో పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల ఉంది కదా అని ధీమాగా ఉండకండి. గండుపిల్లి దాన్ని ఒక రాత్రిలో కొరికి దారి చేసుకుంటుంది. కింది అడుగు మేర ఇనుప జాలీ బిగించండి.

రోజూ చూడాల్సినవి

ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లి మంచి తిండితో, ప్రశాంతంగా, ఇంట్లోనే ఉంటే మామూలు పిల్లి బతికినంత కాలమూ బతకగలదు. ఈ మాట ఓదార్పు కోసం చెప్పడం లేదు, చాలా దేశాల పశువైద్యుల అనుభవం అదే. దాన్ని కాపాడేది ఖరీదైన మందుల కంటే చిన్న జబ్బును మొదటి రోజే పట్టుకునే కన్ను.

వారానికోసారి మంచి వెలుతురులో పిల్లి పై పెదవి వేలితో పైకెత్తి చూడండి. చిగురు లేత గులాబీ రంగులో, తడిగా, నున్నగా ఉండాలి. పన్ను మొదట్లో ఎర్రని గీతలా వాపు కనిపించినా, లోపలి దవడ మూలల్లో పుండులా ఉబ్బినా, నోటి నుంచి కుళ్లు వాసన వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నోటి నొప్పి ఉన్న పిల్లి తిండి దగ్గరకు ఆశగా వస్తుంది, వాసన చూస్తుంది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్కసారిగా వెనక్కి తగ్గి మూతి గీరుకుంటుంది. ‘తిండి మీద ఇష్టం పోయింది’ అని పొరపాటు పడేది ఇక్కడే. చిగురు కాగితంలా తెల్లబడితే రక్తహీనత, ఆ రోజే వెళ్లాలి. లుకేమియా ఉన్న పిల్లి నిద్రలో ఉన్నప్పుడు డొక్క ఎగిరే లెక్క చూడండి. నిమిషానికి 30 దాటితే ఛాతీలో నీరు చేరుతోందేమో పరీక్షించాలి.

పచ్చి మాంసం, చేపల మార్కెట్ నుంచి తెచ్చిన పచ్చి తలకాయలు, పచ్చి గుడ్లు పెట్టకండి, ఉడికించి పెట్టండి. నిరోధకశక్తి తగ్గిన శరీరానికి వాటిలోని క్రిములు పెద్ద బరువు. పేలు, నులిపురుగుల మందులు వేళకు పడాలి. ఆరు నెలలకోసారి బరువు, రక్త పరీక్ష చేయించాలి. లుకేమియా పిల్లికైతే రక్త కణాల లెక్క ఇంకా తరచుగా అవసరం.

జ్వరం వచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర పొడి చేసి వేయకండి. పిల్లికి అది విషం, ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. మనుషులకు వాడే హెచ్‌ఐవీ మందుల గురించి ఎక్కడో చదివి కొనకండి. వాటిలో జిడోవుడిన్‌ను కొన్ని సందర్భాల్లో పిల్లులకు వాడతారు గానీ, మోతాదు ఎక్కువైతే అదే రక్తహీనత తెస్తుంది.

వీధి పిల్లులకు తిండి పెట్టేవాళ్లకు

మీ దగ్గర ఉన్న డబ్బుకు పరిమితి ఉంటే వీధి పిల్లులన్నింటికీ కిట్లు కొనకండి. ఆ డబ్బుతో ఎన్ని గండుపిల్లులకు ఆపరేషన్ చేయించగలరో అన్నింటికి చేయించండి. కొట్లాటలు తగ్గితే ఎఫ్‌ఐవీ తగ్గుతుంది, కాన్పులు తగ్గితే లుకేమియా తగ్గుతుంది. ఆపరేషన్ చేసేటప్పుడే రేబిస్ టీకా వేయించి, గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరించమని చెప్పండి. పరీక్ష జబ్బుగా ఉన్న పిల్లికి, ఎవరైనా ఇంటికి తీసుకెళ్లబోయే పిల్లికి తప్పనిసరి. మొత్తం గుంపును పరీక్షించి పాజిటివ్ వచ్చినవాటిని చంపడం వల్ల ఉపయోగం లేదు. ఖాళీ అయిన చోటుకు పక్క వీధి పిల్లులు వస్తాయి.

అడవి అంచున ఉండేవాళ్లు చేయాల్సినవి

అడవిలోని పెద్ద, చిన్న పిల్లి జాతుల్లోనూ రెట్రోవైరస్‌లు ఉన్నాయి. టాంజానియాలోని సెరెంగెటి సింహాల్లో వయసొచ్చినవి దాదాపు అన్నీ తమ జాతికి చెందిన ఎఫ్‌ఐవీని మోస్తున్నాయి. నమీబియాలోని ఎటోషా సింహాల్లో, మన గిర్ సింహాల్లో పరిశోధకులకు అది కనిపించలేదు. అమెరికా ప్యూమాలకు, మధ్య ఆసియాలో ఉండే పల్లాస్ పిల్లికి వాటి వాటి రకాలు వేరుగా ఉన్నాయి. ఆ జాతులు తరతరాలుగా వాటితో సర్దుకుపోయాయి. వాటికి అసలు ప్రమాదం మన ఇంటి పిల్లి నుంచి కొత్తగా వచ్చే వైరస్ వల్ల.

ఫ్లోరిడాలో వందకు అటూ ఇటూగా మిగిలిన పాంథర్లలో (అక్కడి ప్యూమాలను అలా పిలుస్తారు) 2002 నుంచి 2004 మధ్య లుకేమియా వైరస్ వ్యాపించి కొన్ని చనిపోయాయి. జన్యు పరీక్షల్లో ఆ వైరస్ మూలం పెంపుడు పిల్లి అని తేలింది. స్పెయిన్‌లోని దోన్యానాలో 2007లో ఐబీరియన్ లింక్స్ అనే అరుదైన అడవి పిల్లి జాతికి అదే గతి పట్టింది. అప్పుడు అక్కడివాళ్లు జబ్బుపడ్డ లింక్స్‌లను వేరుచేశారు, మిగతావాటిని పట్టి టీకాలు వేశారు, చుట్టుపక్కల తిరిగే వీధి పిల్లులను తగ్గించారు. 2001లో 62గా ఉన్న పెద్ద లింక్స్‌ల సంఖ్య 2022 నాటికి 648కి చేరిందంటే, ఇతర సంరక్షణ పనులతోపాటు ఆ జాగ్రత్త కూడా కారణమని నేను నమ్ముతాను. జపాన్‌లోని సుషిమా దీవిలో 1996లో ఒక అడవి పిల్లిలో ఎఫ్‌ఐవీ దొరికింది. అది కూడా పెంపుడు పిల్లుల్లో ఉండే రకమే.

మన పల్లెల్లో వరి మడుల గట్ల మీద, చెరకు తోటల్లో తిరిగే అడవి పిల్లి, కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లోని బావురు పిల్లి మన ఇళ్లకు కూతవేటు దూరంలోనే బతుకుతున్నాయి. మీరు అలాంటి ఊళ్లో ఉంటే చేయాల్సినవి ఇవి: ఇంటి పిల్లికి ఆపరేషన్, టీకాలు చేయించండి. చీకటి పడితే లోపల పెట్టండి, అడవి పిల్లి తిరిగేది ఎక్కువగా ఆ వేళల్లోనే. తిండి గిన్నె రాత్రిళ్లు ఆరుబయట ఉంచకండి. చెరకు నరికేటప్పుడు కూనలు దొరికితే ఇంటికి తీసుకెళ్లి మీ పిల్లితో కలపకండి. అది చట్టవిరుద్ధం కూడా, అడవి పిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఉన్నచోటే వదిలి, ఆ మడిలో నరకడం ఆ రోజుకు ఆపి దూరంగా వెళ్లండి. తల్లి చాలాసార్లు రాత్రికి వచ్చి నోట కరుచుకుపోతుంది. తెల్లారినా రాకపోతే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

చనిపోయిన ఇంటి పిల్లిని చెత్తకుప్ప మీదో కాలువ గట్టునో పడేయకండి. ఫ్లోరిడా పాంథర్లకు వైరస్ అందిన దారుల్లో పెంపుడు పిల్లిని తినడం ఒకటని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నక్కలు, కుక్కలు తవ్వలేనంత లోతున, నడుము దాకా గుంట తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి. అడవి పిల్లి గానీ బావురు పిల్లి గానీ చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా, చోటు గుర్తుపెట్టుకుని, దూరం నుంచి ఫొటో తీసి అటవీ బీటు అధికారికి వెంటనే కబురు చేయండి. ఎండకు కుళ్లకముందే చేరితేనే దాని నుంచి రక్తం, కణజాలం తీసి పరీక్షకు పంపడానికి వీలవుతుంది.